మెట్ల వంతు

గ్లాస్గో
1 సెప్టెంబర్ 1973, శనివారం

ఇవాళ్టి పని: మెట్లు కడిగాను (వంతు నాదే, పోయినసారి ఆగస్టు 4). కిటికీ అద్దాలు ఆరు. రెండు దుప్పట్లు, మీ బావ చొక్కాలు ఐదు. బ్లాక్‌బెర్రీ జామ్ ఏడు సీసాలు. ఒకటి గట్టిపడలేదు. అది నీకు.

చెల్లీ నెట్టా,

గట్టిపడని సీసా నాకే ఎందుకని అడగకు. మీ ఊళ్లో ఇంటికొచ్చినవాళ్లకు ఎవరూ ఏమీ పెట్టరు కనుక జామ్ పలుచగా ఉందని బయటపడదు. జులైలో మేం వచ్చినప్పుడు మీ పై అంతస్తు మిసెస్ క్రాఫర్డ్ తలుపు తీసి ఏమంది? "రండి రండి, భోంచేసే వచ్చుంటారుగా?" అంది. గంటసేపు రైల్లో, అరగంట నడిచీ వచ్చినవాళ్లతో అనే మాటేనా అది! మా తలుపు ఎవరు తట్టినా మీ బావ ఇప్పటికీ లోపల్నుంచి అదే అంటాడు. అని, దగ్గొచ్చేదాకా నవ్వుతాడు.

మీ ఊరి కొట్టులో కొన్న చిప్స్ సంగతి మర్చిపోలేదు. మా ఊళ్లోలాగా వెనిగర్ పొయ్యమంటే ఆ కొట్టువాడు నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసి గోధుమరంగు సాసు పోశాడు. అయినా మిమ్మల్ని అని ఏం లాభం? నువ్వుండేది అసలు ఎడిన్‌బరాలో కానే కాదు, లీత్ రేవులో. ఊరి పేరు అరువు తెచ్చుకుని ఇరవై నాలుగేళ్లుగా ఆ ఊరి కోట నాదంటున్నావు.

మెట్లు కడుగుతుంటే నీ బాకీ గుర్తొచ్చింది. 1949 జూన్ 11, శనివారం, నీ పెళ్లిరోజు. ఆ వారం మెట్లు ఎవరు కడగాలో చెప్పే అట్టముక్క మన తలుపుకే వేలాడుతోంది, వంతు నీది. నువ్వేమో తెల్ల చేతితొడుగులు వేసుకుని రాబ్ చెయ్యి పట్టుకుని కిందికి పరుగెత్తావు. తోడిపెళ్లికూతురి గౌను నడుముకు చుట్టి అన్ని మెట్లూ కడిగింది నేను. ఆ వంతు ఇంకా రావాలి.

ఈమధ్య ఒకచోట కూర్చోలేకపోతున్నాను. ఈ ఉత్తరం మధ్యలోనే నాలుగుసార్లు లేచాను. లేవాల్సిన పని ఒక్కటీ లేదు.

నీ అక్క,
ఎఫీ


లీత్, ఎడిన్‌బరా
5 సెప్టెంబర్

అక్కా,

పై వరసలో ఏం రాశానో మళ్లీ చదువు. 1920 నుంచి లీత్ ఎడిన్‌బరాలో భాగం. నేను పన్ను కట్టేది ఎడిన్‌బరాకి. కోట నాదే, కోట మీద రోజూ మధ్యాహ్నం ఒంటిగంటకు పేలే ఫిరంగీ నాదే. అది వినే నా గడియారం సరిచేసుకుంటాను. మీ ఊళ్లో గడియారం దేన్ని చూసి సరిచేస్తారు? వాన ఆగినప్పుడా? అలా అయితే ఏడాదికి రెండుసార్లే.

జామ్ బాగుంది. పలుచగా ఉందని ఎవరికీ తెలియలేదు, ఎవరూ రాలేదు కనుక.

మెట్లు కడగడం గురించి ఇంత గొప్పగా రాస్తావేం? మా మెట్లు కడగడానికి శుక్రవారం ఒకావిడ వస్తుంది, అందరం తలా కొంచెం ఇస్తాం. అట్టముక్కలు లేవు, నీ వంతా నా వంతా అని కేకలు లేవు. నెలలు గడిచినా పక్కింటివాళ్ల మొహం చూడక్కర్లేదు. దాన్ని నాగరికత అంటారు. కింది ఇంటివాళ్లు కూడా పోయినవారం ఖాళీ చేశారు, ఇప్పుడు ఇంకా ప్రశాంతం.

అక్టోబర్ మొదటి శనివారం నేను వస్తున్నాను. రాబ్ పోయాక మన వీధికి రానేలేదు. వెనిగర్ పోసిన చిప్స్ తింటాను, మొహం ముడవనని మాటిస్తున్నాను. బావకి చెప్పు.

నెట్టా


గ్లాస్గో
22 సెప్టెంబర్, శనివారం

ఇవాళ్టి పని: మెట్లు. కిటికీ అద్దాలు రెండుసార్లు (దుమ్ము). బూజు. మీ బావ ఛాతీకి ఆవిరి, మూడుసార్లు. కూరగాయల సూప్ పెద్ద గిన్నెడు, సగం మిగిలింది. ఈమధ్య పంచిపెట్టడం కుదరడం లేదు.

నెట్టా,

అక్టోబర్‌లో రాకు. ఇంట్లో గోడలకు రంగు వేస్తున్నారు. అన్నీ ఒకచోట కుప్పపోసి ఉన్నాయి, నీకు పడుకోను చోటుండదు. అది అయ్యాక నేనే కబురు చేస్తాను.

మీ బావ బాగానే ఉన్నాడు. కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని వీధి చూస్తుంటాడు. నిన్న మిసెస్ గిల్‌హూలీ మెట్ల మీద నుంచే అరిచింది: "ఆర్చీ, ఇంకా బతికే ఉన్నావా?" ఈయన లోపల్నుంచి, "చూసి చెప్తా ఉండు!" గోడలు దాటి ఇద్దరూ నవ్వుకున్నారు. మొహం చూడక్కర్లేని నీ నాగరికతలో ఇలా అడిగేవాళ్లున్నారా?

వాన గురించి రాశావు. మా వాన నిజాయితీగా పడుతుంది. మీ సముద్రపు మంచులా చడీచప్పుడూ లేకుండా వచ్చి ఎముకల్లో దూరదు.

ఎఫీ


లీత్
26 సెప్టెంబర్

అక్కా,

రంగులా? పద్దెనిమిదేళ్లుగా ఆ గోడలకు ప్రతి ఏప్రిల్‌లో బావే వేస్తాడు. సెప్టెంబర్‌లో మనిషిని పెట్టి వేయించడం ఎప్పుడు మొదలైంది?

నేనొక మాట అడుగుతాను. రాబ్ పోయినప్పుడు నువ్వు సూప్ గిన్నె ఒళ్లో పెట్టుకుని రైల్లో వచ్చావు, నాలుగు రోజులున్నావు. ఆ తర్వాత జులైలో ఒక్క పూట. ఇప్పుడు నేను వస్తానంటే వద్దంటున్నావు. నేను నీ వంటింట్లో కూర్చుని ఏడుస్తానని భయమా? ఏడవను. ఏడవాలంటే ఇక్కడ బోలెడంత చోటుంది.

రావద్దంటే రాను.

నెట్టా


గ్లాస్గో
6 అక్టోబర్, శనివారం

ఇవాళ్టి పని: మెట్లు. కర్టెన్లు ఉతికాను, ఆరేలోపే మళ్లీ బూడిదరంగుకి తిరిగాయి. ఊరగాయ ఉల్లిపాయలు నాలుగు సీసాలు. బీరువా సర్దాను. మళ్లీ సర్దాను.

నెట్టా,

నేనన్నది ఒకటి, నువ్వు పట్టింది ఇంకొకటి. ఏడుస్తావని ఎవరన్నారు? నువ్వేడిస్తే నేను టీ పెడతాను, అంతేగా. రావద్దన్నది ఇంట్లో వీలు కాక.

నీకు అక్కడ ప్రశాంతంగా ఉందన్నావు, ఉండు. ఇక్కడ మాకు ఊపిరాడనంత పని. నేను రోజూ మధ్యాహ్నం నడుస్తున్నాను, ఎక్కడికని లేదు. డ్యూక్ స్ట్రీట్ చివరిదాకా వెళ్లి వెనక్కి వస్తాను. వచ్చాక మళ్లీ వెళ్లాలనిపిస్తుంది.

ఎఫీ


గ్లాస్గో
13 అక్టోబర్, శనివారం

ఇవాళ్టి పని: మెట్లు. పోస్టు కోసం నాలుగుసార్లు కిందికి దిగాను.

నీ దగ్గర్నుంచి ఉత్తరం లేదు. కోపమైతే కోపమని రాయి. రాయకుండా ఉండటం మీ ఊరి పద్ధతి. మన అమ్మ పెంపకంలో అది లేదు.

ఎఫీ


లీత్
15 అక్టోబర్, సోమవారం

అక్కా,

కోపంతోనే ఊరుకున్నాను, నిజమే. కానీ ఈ ఉదయం నీ ఉత్తరాలు డబ్బాలోంచి తీసి వరసగా పేర్చాను. నీకు పనుల జాబితా రాసే అలవాటుంటే, నాకు ఉత్తరాలు దాచే అలవాటుంది. ఇద్దరం ఒకే తల్లి పిల్లలం.

మన అంతస్తులో నాలుగు తలుపులు. అట్టముక్క తలుపు తలుపుకీ తిరిగి మన దగ్గరికి రావడానికి నాలుగు వారాలు. చిన్నప్పటి నుంచీ అంతే. ఆగస్టు 4, సెప్టెంబర్ 1: నాలుగు వారాలు. సెప్టెంబర్ 22: మూడు. అక్టోబర్ 6: రెండు. అక్టోబర్ 13: ఒకటి.

అక్కా, ఆ అంతస్తులో ఇంక ఎవరున్నారు?

ఆ కిటికీల మీద దుమ్ము ఎక్కడిది? సూప్ పంచిపెట్టడం ఎందుకు కుదరడం లేదు? మన బిల్డింగు కూల్చేస్తున్నారు, అవునా? నువ్వు నాకు రంగుల కథ చెప్పావు.

ఇక నేను చేసింది చెప్తాను. మా కింది ఇల్లు ఇంకా ఖాళీగానే ఉంది. రెండు గదులు, వంటిల్లు, వీధి నుంచి ఒక్కటే మెట్టు. ఇళ్ల ఏజెంటు మిస్టర్ టెనెంట్‌తో మాట్లాడాను. మా అక్క, బావ గ్లాస్గో నుంచి వస్తున్నారు, ఎవరికీ ఇవ్వద్దన్నాను. నెలాఖరుదాకా ఆగుతానన్నాడు.

వెంటనే రాయి.

నెట్టా


గ్లాస్గో
17 అక్టోబర్, బుధవారం

పనుల జాబితా లేదు. నువ్వు లెక్కేస్తావని తెలిశాక రాయబుద్ధి కావడం లేదు.

అవును, కూల్చేస్తున్నారు. వెనక వీధి అయిపోయింది, మన వీధి క్రిస్మస్‌కి ముందు. మిస్ పెటిగ్రూ సెప్టెంబర్‌లో వెళ్లింది, తర్వాత డోకర్టీలు, తర్వాత మిసెస్ గిల్‌హూలీ. వెళ్తూ వెళ్తూ ఆవిడ అట్టముక్క నా తలుపుకి తగిలించి, "ఇంక నీకు నువ్వే ఇచ్చుకోవాలి ఎఫీ" అంది. ఇద్దరం తలుపు పట్టుకుని నిలబడ్డాం. ఎవరం ముందు వదలాలో తెలియలేదు.

మీ బావ సంగతి కూడా విను, దాచి ఏం లాభం? జులైలో మీ ఇంటి నుంచి వచ్చిన రోజు ఈ మూడంతస్తులు ఎక్కడానికి ఇరవై ఐదు నిమిషాలు పట్టింది. ఆ తర్వాత ఇంతవరకు కిందికి దిగలేదు. ముప్పై ఏళ్లు ఓడలకు రేకులు బిగించినవాడు ఇప్పుడు కిటికీలోంచి కూల్చే యంత్రాన్ని చూస్తూ, "వీడికి పని రాదు" అంటున్నాడు.

దీనికి బదులుగా నగర కౌన్సిల్ మొదట చూపించిన ఇల్లు పంతొమ్మిదో అంతస్తులో. "క్లైడ్ నది మొత్తం కనిపిస్తుందమ్మా," అన్నాడు గుమాస్తా.

"మా ఆయనకి నది కనిపించక్కర్లేదు బాబూ, గాలి ఆడాలి. లిఫ్టు పాడైతేనో?"

"ప్రతి మంగళవారం బాగుచేస్తారు."

"అంటే ప్రతి సోమవారం పాడవుతుందన్నమాట."

రెండోది ఊరి చివర, బస్సు గంటకొకటి, అదీ పై అంతస్తే. మూడోది ఎల్లుండి చెప్తారు. మూడోదీ కాదంటే మళ్లీ అడగనివ్వరు.

ఇంత చెప్పాను కనుక ఇంకోటీ చెప్తాను. నన్ను అడక్కుండా మేం వస్తున్నామని ఎవడితోనో ఎలా చెప్పావు? ఇరవై నాలుగేళ్లుగా నేనొకటే మాట అంటూ వచ్చాను: నువ్వు ఊరు వదిలావు, నేను వదల్లేదు. ఇప్పుడు మా ఊరే మా ఇంటి మీదికి యంత్రం తోలుతుంటే, "చూశారా, చివరికి మా అక్క కూడా ఎడిన్‌బరాకే వచ్చింది" అని మిసెస్ క్రాఫర్డ్‌కి చెప్పుకోవడానికా? గెలిచావులే. కానీ నేను పిలిచేదాకా ఈ గుమ్మం తొక్కకు.

ఎఫీ


రైల్లో, గ్లాస్గో నుంచి తిరిగి వస్తూ
19 అక్టోబర్, శుక్రవారం

అక్కా,

గుమ్మం తొక్కాను. నువ్వు కౌన్సిల్ ఆఫీసులో వరసలో నిలబడి ఉన్నప్పుడు. తలుపు తడితే లోపల్నుంచి బావ, "భోంచేసే వచ్చుంటారుగా?" అన్నాడు. నేను ఇంకోసారి తట్టాను. "మరదలా, నువ్వే కదూ? మెట్లు ఆగి ఆగి ఎక్కావు. మీ అక్క ఆగదు" అన్నాడు.

గంటసేపు కూర్చున్నాం. సన్నబడ్డాడు. నువ్వు రాత్రిళ్లు పడుకోకుండా గదిలో తిరుగుతున్నావని చెప్పాడు. "మీ అక్కకి ఊరు వదలడం బాధ కాదు నెట్టా, నీ ముందు వదలడం బాధ. నాకైతే ఏ ఊరైనా ఒకటే. కిందికి దిగి ఒక ఓడని చూడాలి, అంతే" అన్నాడు.

నేను లేచాను. బకెట్ ఎక్కడుందని అడిగాను.

పై నుంచి మొదలుపెట్టాను. మన అంతస్తు, దాని కింద, దాని కింద, వీధి గుమ్మందాకా. ఖాళీ తలుపుల ముందు కూడా. నీళ్లు పదకొండుసార్లు మార్చాను, లెక్క నీకిష్టమని రాస్తున్నాను. మోకాళ్లు రెండూ పోయాయి. తర్వాత మన వంటింటి గూట్లోంచి సుద్ద తీసి, వీధి గుమ్మం నుంచి పైకి మెట్ల అంచుల వెంట అమ్మ వేసే మెలికల ముగ్గు వేశాను. మొదటి నాలుగు మెట్లూ వంకరగా వచ్చాయి. ఐదో మెట్టుకి చెయ్యి గుర్తుపట్టింది. వెళ్తూ అట్టముక్క తీసి మళ్లీ నీ తలుపుకే తగిలించాను. నువ్వొచ్చేదాకా ఆగలేదు. ఆగితే పోట్లాడుకునేవాళ్లం, తడి మెట్ల మీద అది మంచిది కాదు.

ఇప్పుడు నేను దాచింది చెప్తాను. ప్రశాంతం అని రాశానే, అది అబద్ధం. రాబ్ పోయి ఎనిమిది నెలలైంది. ఈ ఎనిమిది నెలల్లో మీరిద్దరూ కాక నా తలుపు తట్టింది గ్యాస్ మీటరు చూసేవాడొక్కడే. రోజూ నాతో మాట్లాడేది ఆ ఒంటిగంట ఫిరంగి ఒక్కటే, అదీ ఒక్క మాట. కింది ఇంటికి నిన్ను పిలిచింది గెలవడానికి కాదు.

అయినా గెలుపోటములే నీకు అడ్డమైతే, విను. నిన్న చేపల కొట్టు బిరెల్‌ని అడిగాను. పుట్టినప్పటి నుంచీ మా వీధే, డెబ్భై ఏళ్లు. "ఎడిన్‌బరాలో ఉండటం మీకు బాగుంటుందా?" అన్నాను. కత్తి కిందపెట్టి చూశాడు. "ఎడిన్‌బరానా? పెళ్లికి ముందు ఒకసారి వెళ్లాను. నచ్చలేదు."

వరసలో ఉన్న ఆడవాళ్లందరూ తలూపారు. వాళ్లలో మిసెస్ క్రాఫర్డ్ కూడా ఉంది. 1920లో లీత్ జనం వద్దని ఓటేసినా కలిపేశారట, ఆ కోపం ఈరోజుకీ చల్లారలేదు. ఇరవై నాలుగేళ్లుగా నువ్వు అంటున్నదే నిజమక్కా. నేను ఎడిన్‌బరాలో ఎప్పుడూ లేను. కోట నాది కాదు. ఫిరంగి కూడా కాదు, దూరం నుంచి వినబడుతుంది, అంతే. కావాలంటే దీన్ని పటం కట్టించుకో.

కనుక నువ్వు ఎడిన్‌బరాకి రావడం లేదు. లీత్‌కి వస్తున్నావు. వస్తే.

స్టేషన్ వచ్చేస్తోంది. పెన్సిల్ కూడా అరిగిపోయింది.

నెట్టా


గ్లాస్గో
27 అక్టోబర్, శనివారం

ఇవాళ్టి పని: పెట్టెలు తొమ్మిది కట్టాను. గిన్నెలు పాత పేపర్లలో చుట్టాను. కుర్చీలు నాలుగిచ్చేశాను, కిటికీ దగ్గరిది ఉంచాను. మెట్లు కడగలేదు. కడిగితే నీ ముగ్గు పోతుంది.

చెల్లీ,

ఆ శుక్రవారం వీధి గుమ్మంలో అడుగుపెట్టగానే తడి నేల వాసన వచ్చింది. మిసెస్ గిల్‌హూలీ తిరిగొచ్చిందేమో అనుకున్నాను. తర్వాత సుద్ద గీతలు కనిపించాయి. మొదటి నాలుగూ ఎంత వంకరగా ఉన్నాయంటే ఎవరు వేశారో సంతకం అక్కర్లేదు. గోడ పక్కనుంచి, ముగ్గు తొక్కకుండా, పైదాకా ఎక్కాను. పైకెళ్లి మీ బావని అడిగితే, "ఎవరో వచ్చారు, భోంచేసే వచ్చారు" అన్నాడు.

మూడో ఇల్లు పదకొండో అంతస్తు. సోమవారం వెళ్లి తాళం చెవి వెనక్కి ఇచ్చేశాను.

"మరి ఎక్కడికెళ్తారమ్మా?" అన్నాడు గుమాస్తా.

"లీత్‌కి."

"ఓహో, ఎడిన్‌బరాకా!"

"కాదు," అన్నాను. వాడికి అర్థం కాలేదు. వివరించే ఓపిక లేక వచ్చేశాను.

వచ్చే శనివారం, నవంబర్ 3న బయల్దేరుతున్నాం. మీ బావని కుర్చీతో సహా కిందికి దింపడానికి ఓడల యార్డు స్నేహితులు నలుగురు వస్తున్నారు. "నన్ను కూడా ఓడలాగా నీళ్లలోకి తోసేయండి, కొత్త ఓడకి పగలగొట్టినట్టు మొహం మీద సీసా మాత్రం పగలగొట్టకండి" అంటున్నాడు. మెట్ల చివర గంటసేపు వీధి చూసుకుంటాడట. చూసుకోనీ. నేను మాత్రం వెనక్కి తిరగను. తిరిగితే కదలలేను.

షరతులు రాసుకో. వెనిగర్ సీసా నాదే తెచ్చుకుంటాను, కొట్టువాడు ఏమైనా అనుకోనీ. సూప్ ఎక్కువైతే గిన్నె పట్టుకుని మిసెస్ క్రాఫర్డ్ తలుపు తడతాను. "భోంచేసే వచ్చుంటారుగా?" అంటే "లేదు" అంటాను. మీ శుక్రవారపు ఆవిడ మెట్లు ఆవిడే కడుక్కోనీ, పొట్ట కొట్టను. కానీ కింది ఇంటి ముందు ఒక మెట్టుందన్నావే, వీధిలోకి. అది మనది. అట్టముక్క తెస్తున్నాను. ఒక వారం నా తలుపుకి, ఒక వారం నీ తలుపుకి. నీ వంతు వచ్చినప్పుడల్లా నేను తట్టి చెప్తాను. రోజూ తట్టినా ఆశ్చర్యపోకు.

ఊళ్ల సంగతి మాత్రం మారలేదు. గ్లాస్గోయే గొప్పది. దాన్ని వదిలి ఎటో వెళ్లే మనుషులకేం తెలుసు అని ఇన్నాళ్లూ నిన్ను అన్నాను. ఇకనుంచి ఆ మాట మనిద్దరికీ చెందుతుంది.

కాలు ఇంకా నిలవడం లేదు. ఈ ఉత్తరానికి రెండుసార్లే లేచాను.

నీ అక్క,
ఎఫీ

1949 జూన్ 11 నాటి బాకీ, మెట్ల వంతు ఒకటి: 1973 అక్టోబర్ 19న ముట్టింది. చెల్లు.